ఫెయిరీ ప్రేమకథలో ఎదురుచూపును ఎలా పండించాలి

ఫెయిరీలంటే ఐరోపా జానపద కథల్లోని మాయాజాతి. మనిషికీ ఫెయిరీకీ మధ్య ప్రేమకథ మొదలుపెట్టిన పాఠకురాలికి మొదటి పేజీలోనే ముగింపు తెలుసు. ఆ అమ్మాయీ, అడవి అవతలి ఆ యువరాజూ చివరికి ఒకటవుతారు. తెలిసి కూడా అర్ధరాత్రి దాటేదాకా చదువుతుంది. ఆమె చదివేది "ఏమవుతుంది" అన్న ప్రశ్న కోసం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎప్పుడు, ఎలా, ఎంత మూల్యానికి అన్నవే ఆమెను కూర్చోబెడతాయి.

నేను రాసిన మొదటి సీరియల్లో ఇద్దరినీ ఇరవై భాగాల పాటు దూరంగా ఉంచితే చాలనుకున్నాను. చదివేవాళ్లు పన్నెండో భాగం దగ్గరే ఆగిపోయారు. కారణం తెలియడానికి చాలా కాలం పట్టింది. నేను వాళ్లకు ఇచ్చింది ఆలస్యం, ఎదురుచూపు ఇవ్వలేదు. ఆలస్యంలో బండి కదలదు. ఎదురుచూపులో బండి వస్తూనే ఉంటుంది, దాని చప్పుడు దగ్గరవుతూ ఉంటుంది. ఈ తేడాను కథలో పెట్టడం ఎలాగో అడుగడుగునా చెప్పడానికే ఈ మార్గదర్శి.

1987లో జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఆర్థికశాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధనలో ఒక ముచ్చటైన ప్రశ్న ఉంది. మీకు బాగా నచ్చిన సినిమా తార ముద్దు పెడతారంటే, ఇప్పుడే అయితే ఎంత ఇస్తారు? మూడు గంటల తర్వాత? ఒక రోజు, మూడు రోజులు, ఏడాది, పదేళ్ల తర్వాత అయితే? అన్నింటికంటే ఎక్కువ విలువ పలికింది మూడు రోజుల తర్వాతి ముద్దు. వెంటనే దొరికే ముద్దు కంటే కూడా ఎక్కువ. పదేళ్ల తర్వాతి ముద్దు మాత్రం చప్పబడిపోయింది. మనం కథలో కట్టవలసింది ఆ మూడు రోజులనే.

ఒక ఉదాహరణ కథ పెట్టుకుందాం, చివరిదాకా దాన్నే వాడుకుందాం. లీల గంటలు పోత పోసే అమ్మాయి. అడవి అంచున ఒక పెద్ద గంట ఉంది. అది రోజూ సాయంత్రం మోగినంత కాలం ఫెయిరీలు సరిహద్దు దాటలేరు. ఇప్పుడు ఆ గంటకు బీట పడింది. కొత్తది పోయాలంటే అడవి లోపల దొరికే రాగి కావాలి. ఒక ఫెయిరీ ఆమె కొలిమి దగ్గరికి వచ్చి బేరం పెడతాడు: ఏడు పౌర్ణములు వస్తాను, వచ్చినప్పుడల్లా కొంత రాగి తెస్తాను, బదులుగా ఆ రాత్రి ఒక గంటసేపు నీ పక్కన కూర్చోనివ్వు. గంటకు గంట. పేరు చెప్పడు కాబట్టి ఆమె అతన్ని "అతిథి" అంటుంది.

అడుగు 1: దేనికోసం ఎదురుచూస్తున్నామో ఒక్క వాక్యంలో రాయండి

"వాళ్లు ప్రేమలో పడాలి" అని రాస్తే పనికిరాదు. ప్రేమ కంటికి కనపడదు, కొలతకు అందదు. కెమెరా పెడితే కనపడే పని కావాలి. మన కథకు నేను రాసుకునే వాక్యం ఇది: "లీల అతని ఒట్టి చేతిని పట్టుకుంటుంది."

ఇంత చిన్నదా అనిపించవచ్చు. చిన్నదైతేనే మంచిది. ముద్దు కోసమో పెళ్లి కోసమో ఎదురుచూసే కథలు వేలున్నాయి. ఒక చేతి కోసం ఎదురుచూసేలా చేయగలిగితే, ఆ చేయి కథలో కనపడ్డ ప్రతిసారీ పాఠకురాలు ఊపిరి బిగబడుతుంది. ఈ వాక్యాన్ని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. రాసే ప్రతి దృశ్యం దానికి దగ్గరగా జరగాలి, లేదా దాని ఖరీదు పెంచాలి.

అడుగు 2: ఫెయిరీ లోకపు నియమాన్ని ప్రేమకు అడ్డంగా పెట్టండి

మామూలు ప్రేమకథలో అడ్డంకులు వెతుక్కోవాలి. ఇంట్లోవాళ్లు, అపార్థాలు, ఊరు మారడాలు. ఫెయిరీ కథకు ఆ బాధ లేదు. ఐరోపా జానపదంలో ఫెయిరీల చుట్టూ నియమాల గుట్టే ఉంది. ఇనుము వాళ్లకు పడదు. వాళ్ల లోకంలో తిండి తిన్న మనిషి తిరిగి రాలేడు. అసలు పేరు తెలిసినవాళ్లకు వాళ్లు లోబడిపోతారు. ఇచ్చిన మాట తప్పలేరు. ఇప్పటి ఫాంటసీ నవలలు కొన్నింటిలో వాళ్లు అబద్ధం ఆడలేరు కూడా. మన దగ్గర ఊర్వశీ పురూరవుల కథ కూడా నియమంతోనే మొదలవుతుంది. అతను నగ్నంగా తన కంట పడకూడదని ఊర్వశి షరతు పెట్టింది. గంధర్వులు ఆమె గొర్రెపిల్లలను ఎత్తుకుపోయారు. చీకట్లో లేచి పరుగెత్తిన పురూరవుడి మీద ఒక్క మెరుపు మెరిసింది, ఆమె మాయమైంది.

ఆ కథలో నియమం ఎక్కడ తగిలిందో చూడండి. సరిగ్గా పడకగదిలో, ఒంటి మీద. నాకు తెలిసినంతలో మంచి నియమానికి గుర్తు ఇదే, అది శరీరాన్ని తాకాలి. "ఇరు రాజ్యాల మధ్య వెయ్యేళ్ల వైరం" అని నాలుగు పేజీలు రాసినా చేయి చాచేటప్పుడు అది అడ్డురాదు. "మనిషి చర్మం తాకితే ఫెయిరీ ఆయుష్షులో ఒక ఋతువు కరిగిపోతుంది" అన్న ఒక్క వాక్యం ప్రతి క్షణం అడ్డు వస్తుంది. అతిథి ఎప్పుడూ చేతి తొడుగులతో ఉండటానికి కారణం ఇదే.

నియమాన్ని ఇలా పరీక్షించండి. పాఠకురాలికి అది కథ మొదటి ఐదో వంతులోనే తెలియాలి. దాన్ని మీరడం వీలుకావాలి, కానీ ఉచితంగా కాకూడదు. అసలు మీరలేని నియమం గోడ లాంటిది, దాని ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. మీరగలిగిన నియమం తలుపు. ఇక మీ అవసరం కోసం మధ్యలో దాన్ని సడలించవద్దు. ఇరవయ్యో భాగంలో మంత్రం చదివి ఆ నియమాన్ని తీసేస్తే అప్పటిదాకా పాఠకురాలు పడ్డ టెన్షన్ అంతా అబద్ధమైపోతుంది, ఆమె మళ్లీ నమ్మదు.

ఆటంకాలు దొరక్కపోతే సంస్కృత అలంకారశాస్త్రవేత్త మమ్మటుడిని అడగండి. కావ్యప్రకాశంలో ఆయన విప్రలంభ శృంగారానికి, అంటే ప్రేమికులు కలవలేని స్థితికి, ఐదు కారణాలు చెప్పాడు: అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం. ఫెయిరీ కథలు రాసేవాళ్లు సాధారణంగా శాపాన్ని పట్టుకుని మిగతా నాలుగూ వదిలేస్తారు. నా అనుభవంలో అన్నింటికంటే రుచిగా పండేది మొదటిదే, ఇంకా కలవకముందే పుట్టే కోరిక.

అడుగు 3: గడియారం బిగించండి

లెక్క లేనిదే ఎదురుచూపు లేదు. ఏడాది మీద ఒక రోజు, ఏడేళ్లు, ఒక రాత్రి, ఇవి జానపద కథల పాత లెక్కలు. మాయమైన ఊర్వశి పురూరవుడికి మళ్లీ కనపడి, ఏడాది చివరి రాత్రి రమ్మంటుంది, ఒక్క రాత్రి. ఆ ఒక్క మాటతో ఏడాది మొత్తం నిండిపోతుంది.

ఇంకా మంచి గడియారం ఒకటుంది. రెండు దిక్కులకూ తిరిగేది. లీల కథలో పౌర్ణమి వచ్చినప్పుడల్లా ఇద్దరూ దగ్గరవుతారు, గంట కూడా పూర్తి కావస్తుంది. ఏడో పౌర్ణమికి గంట మోగితే సరిహద్దు మూసుకుపోతుంది, అతను ఇక రాలేడు. పాఠకురాలు ఏడో పౌర్ణమి రావాలనీ కోరుకుంటుంది, రాకూడదనీ కోరుకుంటుంది. మీ కథలో ఒకే తేదీ ఇద్దరినీ కలిపేదీ విడదీసేదీ కాగలదా అని ఆలోచించండి. కాగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఏడు పౌర్ణములనూ సమానంగా మాత్రం రాయవద్దు. రెండోది అర పేజీలో పోనివ్వండి. నాలుగోదానికి ఒక భాగమంతా ఇవ్వండి. ఐదోదానికి అతను అసలు రాకపోనివ్వండి.

అడుగు 4: దగ్గరితనానికి మెట్లు కట్టండి

రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చూపులు, చూపులు, మళ్లీ చూపులు, హఠాత్తుగా కౌగిలి. మధ్యలో మెట్లు లేవు. మీ మొదటి అడుగు వాక్యాన్ని పైమెట్టుగా పెట్టి, కిందికి దిగుతూ ఒక్కో మెట్టు రాసుకోండి. మన కథలో అవి ఇలా ఉంటాయి.

మొదటి పౌర్ణమి: బల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు. కొలిమి దగ్గర ఇంత వేడిలోనూ అతను తొడుగులు తీయలేదని లీల గమనిస్తుంది. రెండో పౌర్ణమి: అతను పట్టుకుని పెట్టిన సుత్తిని ఆమె తీసుకుంటుంది, పిడి ఇంకా వెచ్చగా ఉంది. మూడో పౌర్ణమి: దీపం జరిపినప్పుడు గోడ మీద ఇద్దరి నీడలూ కలుస్తాయి. ఆమె దీపాన్ని వెనక్కి జరపదు. నాలుగో పౌర్ణమి: అతని తొడుగు చిరుగుతుంది. ఐదో పౌర్ణమి: ఖాళీ కుర్చీ. ఆరో పౌర్ణమి: అతను తనంతట తాను తొడుగు తీసి బల్ల మీద పెడతాడు, ఆమె ముట్టుకోదు. ఏడోది మీకు తెలుసు.

ఏ మెట్టుకైనా రెండు షరతులు. ఒకటి, ఎక్కాక ఇద్దరిలో ఒకరికైనా ఏదో మారాలి. రెండు, ఎక్కిన మెట్టును మళ్లీ ఎక్కకూడదు. నీడలు ఒకసారి కలిశాక వాటిని అంతే సంబరంగా మళ్లీ కలిపితే పాఠకురాలికి కథ వెనక్కి నడిచినట్టు ఉంటుంది.

నాలుగో మెట్టు రాసి చూపిస్తాను. తాకితే అతనికి ఏమవుతుందో పాఠకురాలికి రెండో పౌర్ణమి నాడే తెలుసు. లీలకు ఇంకా తెలియదు.

"తీసి ఇస్తే కుట్టి పెడతాను," అంది లీల.

"తీయకూడదు."

"చేతికి ఉండగానే కుట్టమంటారా?"

అతను జవాబివ్వకుండా చేయి బల్ల మీద పెట్టాడు. బొటనవేలి కింద బెత్తెడు చిరుగు. లోపల చర్మం కనపడుతోంది, వెన్నెల పడ్డ నీళ్ల రంగులో. లీల సూదిలో దారం ఎక్కించింది. మొదటి కుట్టు పడింది. రెండోది. అతను ఊపిరి పీల్చడం లేదని మూడో కుట్టు దగ్గర తెలిసింది ఆమెకు.

"నొప్పిగా ఉందా?"

"లేదు," అన్నాడు. ఫెయిరీలు అబద్ధం ఆడలేరు. "భయంగా ఉంది."

తాకడం జరగలేదు, ముద్దు మాటే లేదు. అయినా ఈ దృశ్యంలో పాఠకురాలి కళ్లు సూది మొన మీదే ఉంటాయి, ఎందుకంటే ఖరీదు ఆమెకు తెలుసు. ఇదే చోట చిరుగు, సూది లేకుండా "అతని దగ్గరితనానికి ఆమె గుండె వేగంగా కొట్టుకుంది" అని రాసి ఉంటే ఏమీ మిగలదు. గుండె కొట్టుకోవలసింది చదివేవాళ్లకు.

అడుగు 5: మీరు, నువ్వు మధ్య దారిని వాడుకోండి

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఇప్పుడు లేని ఆయుధం ఒకటి తెలుగువాళ్ల చేతిలో ఉంది. చాలామంది దాన్ని వాడుకోకుండానే వదిలేస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది.

మీరు నుంచి నువ్వుకు రావడం మన భాషలో చిన్న విషయం కాదు. పైగా మధ్యలో ఇంకో మజిలీ ఉంది. మీరు అంటే దూరం, నువ్వు అంటే చొరవ అనిపించే రోజుల్లో మనం రెండూ అనకుండా తప్పించుకుంటాం. "లోపలికి రావచ్చుగా", "చలిగా ఉందా?", "భోజనం అయిందా?" కర్త ఉండదు, గౌరవం తెలిపే క్రియ ఉండదు. నిజ జీవితంలో కూడా ఇష్టం మొదలైన చోట జనం ఇలాగే మాట్లాడతారు.

కాబట్టి మొదటి రెండు పౌర్ణములూ లీల నోట "మీరు" ఉంచండి. మూడో పౌర్ణమి నుంచి వాక్యాల్లో ఆ మాట తగ్గిపోనివ్వండి. పైన నాలుగో పౌర్ణమి సంభాషణ మళ్లీ చూడండి. "కుట్టమంటారా" దగ్గర దూరం ఇంకా ఉంది, "నొప్పిగా ఉందా" దగ్గర లేదు. ఐదో పౌర్ణమి నాడు అతను రాలేదు. తెల్లవారుజామున ఖాళీ కుర్చీని చూస్తూ ఆమె అంటుంది, "ఎందుకు రాలేదు నువ్వు?" మొదటి "నువ్వు" అతను లేనప్పుడు వచ్చింది. అతను వినలేదు, పాఠకురాలు వింది. ఇక ఆ మాట అతని ఎదుట ఎప్పుడు పలుకుతుందా అని ఆమె కాచుకుని ఉంటుంది. ఒక్క సర్వనామంతో మీకు కొత్త ఎదురుచూపు దొరికింది.

అతను మొదటి నుంచీ "నువ్వు" అంటున్నాడా? ఫెయిరీ కదా, వందల ఏళ్లవాడు కదా అని అలా రాయాలనిపిస్తుంది. నేనైతే తిప్పి రాస్తాను. అతను ఆమెను "మీరు" అనడం మొదలుపెట్టిన రోజు ఆమెకు తన విలువ తెలుస్తుంది.

అడుగు 6: ఎవరికి ఏమి తెలుసో పట్టిక వేసుకోండి

మూడు గడులు చాలు: ఆమెకు, అతనికి, పాఠకురాలికి. పాఠకురాలి గడి మిగతా రెండింటి కంటే ఒక అడుగు ముందుండాలి, అప్పుడప్పుడూ ఒక అడుగు వెనక ఉండాలి.

రహస్యం దాస్తేనే ఉత్కంఠ అని చాలామంది నమ్మకం. స్కాట్లండ్ జానపద గేయం టామ్ లిన్ దీనికి నేరుగా ఎదురు చెప్తుంది. 1549 నాటి గ్రంథంలోనే దాని ప్రస్తావన ఉంది. ఫెయిరీ రాణి దగ్గర బందీగా ఉన్న టామ్ లిన్‌ను జానెట్ అనే అమ్మాయి విడిపించాలి. ఎలాగో అతనే ముందుగా చెప్పేస్తాడు: హాలోవీన్ అర్ధరాత్రి మా ఊరేగింపు వస్తుంది, నల్ల గుర్రాన్ని పోనివ్వు, గోధుమరంగు గుర్రాన్ని పోనివ్వు, తెల్ల గుర్రం మీది నన్ను లాగి పట్టుకో, నన్ను పాముగా, క్రూరమృగంగా, కాలే ఇనుముగా మార్చేస్తారు, వదలకు. తర్వాత దాదాపు అలాగే జరుగుతుంది. అన్నీ ముందే తెలిసినా బిగి తగ్గదు. నల్ల గుర్రం వెళ్లిపోతున్నప్పుడు మనం తెల్ల గుర్రాన్ని లెక్కపెడుతూ ఉంటాం. అతను పాముగా మారినప్పుడు కాలే ఇనుము ఇంకా రావలసి ఉందని మనకు తెలుసు.

2011లో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కూడా ఇలాంటిదే చూశారు. వాళ్లు ఇచ్చిన చిన్న కథలను ముగింపు ముందే తెలిసినవాళ్లు సగటున ఇంకా ఎక్కువ ఇష్టపడ్డారు. అందుకని జరగబోయేది కొంత చెప్పేయడానికి భయపడకండి. దాచవలసింది పాత్ర నిర్ణయాన్ని.

అబద్ధం ఆడలేని ప్రేమికుడు ఈ పట్టికకు గొప్ప వరం. అతను దాటవేయగలడు, ప్రశ్నకు ప్రశ్న వేయగలడు, మౌనంగా ఉండగలడు. మౌనంగా ఉన్న ప్రతిసారీ అది ఒప్పుకోలే. "ఇక్కడికి రాకుండా ఉంటే బాగుండేదా?" అని లీల అతన్ని అడిగినప్పుడు అతను మాట మార్చి కొలిమి గురించి మాట్లాడితే పాఠకురాలికి అంతా తెలిసిపోతుంది.

అడుగు 7: ఆటంకం పాత్రల్లోంచే రావాలి

పెదవులు కలవబోతుండగా తలుపు కొట్టే స్నేహితుడిని దయచేసి కథలోంచి పంపించేయండి. ఒకసారి చాలు, రెండోసారికి పాఠకురాలు రచయిత్రి చేతిని చూసేస్తుంది. ఆరో పౌర్ణమి నాడు అతను తొడుగు తీసినప్పుడు ఆగిపోయేది లీలే. ఎందుకంటే ఈ మధ్యలో ఆమెకు ఖరీదు తెలిసింది. ఆమె ఆగడం ప్రేమ. అలాంటి ఆటంకం ఇద్దరినీ ఇంకా దగ్గర చేస్తుంది.

అడుగు 8: ఆమె "వద్దు" అనగలగాలి

వయసు, మాయ, బేరం మూడూ ఫెయిరీ వైపే ఉంటాయి. అతను మాయ చేసి ఆమె మనసు మార్చగలిగితే ఇక ఎదురుచూడటానికేమీ లేదు, మిగిలేది భయం. అందుకే నేను బేరంలోనే ఒక వాక్యం పెడతాను: "ఏ పౌర్ణమికైనా నువ్వు తలుపు వేసుకోవచ్చు. రాగి మాత్రం తెచ్చి గడప దగ్గర పెడతాను." తలుపు వేసుకునే హక్కు ఉన్న మనిషి తలుపు తెరిచి ఉంచినప్పుడే ఆ తెరిచిన తలుపుకు అర్థం. ఒక పౌర్ణమి నాడు ఆమె నిజంగానే వేసుకుంటే ఇంకా మంచిది.

అడుగు 9: వాక్యం చేత కూడా ఎదురుచూపించండి

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఈ వరాన్ని కీలకమైన చోట వాడండి.

"కుట్టు దాటి, చిరుగు అంచు మీదుగా, గోరంత దూరంలో, లీల వేలు ఆగింది."

"ఆగింది" వచ్చేదాకా అది "తాకింది" కావచ్చు. పాఠకురాలి ప్రాణం ఆ చివరి మాట మీద ఉంటుంది. అలాగే "తలుపు తీసి, దీపం పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని" అంటూ అసమాపక క్రియలను వరసగా పేర్చినప్పుడు వాక్యం దానంతటదే నెమ్మదిస్తుంది. పేజీకి ఒకటి చాలు. ప్రతి వాక్యాన్నీ ఇలా సాగదీస్తే చదివేవాళ్లకు ఆయాసం వస్తుంది. చుట్టూ ఉన్న వాక్యాలు పొట్టిగా ఉంటేనే పొడుగు వాక్యం పనిచేస్తుంది.

అడుగు 10: చెల్లించండి, పూర్తిగా

ఎదురుచూపును పెంచడం వచ్చినవాళ్లు కూడా తీర్చేచోట తొందరపడతారు. మూడు వందల పేజీలు కాచుకున్న చేతికి మూడు వాక్యాలు ఇస్తే అది మోసం. ఆ క్షణంలో పాత మెట్లన్నీ గుర్తుకు రావాలి, కానీ ఏకరువు పెట్టకూడదు. వెచ్చని పిడి, గోడ మీది నీడ, కుట్టు వేసిన తొడుగు, వీటిలో ఏదో ఒకటి అక్కడ ఉంటే చాలు. ఖరీదు కూడా అప్పుడే చెల్లాలి. అతని ఋతువు ఒకటి కరిగిపోవాలి, అది కనపడాలి. చివరి క్షణంలో ఆ నష్టాన్ని మాఫీ చేయకండి.

సీరియల్ రాస్తున్నట్టయితే ఇంకో పని ఉంది. ఒక ఎదురుచూపు తీరే చోటే మరొకటి పుట్టాలి. అందుకు విత్తనం మొదటి భాగంలోనే పడి ఉండాలి. అతని పేరు మనకు ఇప్పటిదాకా తెలియదు, గుర్తుందా?

ఏడో పౌర్ణమి. కొత్త గంట అచ్చులోంచి బయటికి వచ్చింది, ఇంకా మోగలేదు. తాడు లీల కుడి చేతిలో ఉంది. బల్ల మీద తొడుగు, దాని మీద ఆమె కుట్లు. ఆమె ఎడమ చేయి చాచింది.

"ఖరీదు తెలుసు నాకు," అంది.

"తెలిసే అడుగుతున్నారా?"

"నువ్వు చెప్పు."

ఆ మాట అతను మొదటిసారి విన్నాడు. ఆమె అరచేతిలో, నెమ్మదిగా, ఒక్కొక్క వేలే, తన చేయి పెట్టాడు. అతని జుట్టులో ఒక పాయ, రాలే ఆకు రంగుకు తిరిగింది. ఇద్దరూ చేయి తీయలేదు.

"ఇక తాడు లాగు," అన్నాడు. "లాగే ముందు ఒకటి విను. నా పేరు..."